అతుకు కనబడని పని

జూనియర్ కాలేజీలో ఇంగ్లీషు చెప్పే రోజుల్లో ఒక యూనిట్ టెస్టుకి ప్రశ్నపత్రం నేనే తయారుచేశాను. ఒక పేరా, దాని కింద ఐదు ప్రశ్నలు. ఐదుకి ఐదు తెచ్చుకున్న ఒకమ్మాయిని పిలిచి, ‘ఆ పేరాలో రచయిత బాధేమిటమ్మా?’ అని అడిగాను. ‘పేరా చదవలేదు సార్’ అంది. ఏ దాపరికమూ లేదు. చదవాలా అన్నట్టు కాస్త ఆశ్చర్యపోయింది కూడా. ప్రశ్నలో ఉన్న పెద్ద మాట పేరాలో ఎక్కడుందో వేలు పెట్టి వెతికి, ఆ మాట ఉన్న వాక్యాన్ని ఉన్నదున్నట్టు ఎత్తి రాసిందట. తప్పు ఆమెది కాదు. చదవకుండా రాయగల ప్రశ్నలు ఇచ్చింది నేను.

చాలా ఏళ్ల తర్వాత దక్షిణ కొరియా వాళ్ల ప్రశ్నపత్రం ఒకటి అచ్చు తీసుకుని కూర్చున్నాను. అక్కడి హైస్కూలు మూడో ఏడు పిల్లలు, అంటే మన ఇంటర్ రెండో ఏడాది ఈడువాళ్లు, ఏటా నవంబరులో ఒకే రోజు రాసే కాలేజీ ప్రవేశ పరీక్ష అది. పొట్టి పేరు సునుంగ్. 1993 నుంచి నడుస్తోంది. అందులో ఇంగ్లీషు మూడో పీరియడు, మధ్యాహ్నం ఒంటిగంటా పది నుంచి రెండూ ఇరవై దాకా. 45 ప్రశ్నలు, 100 మార్కులు. మొదటి 17 విని రాసేవి, తక్కిన 28 చదివి రాసేవి. అన్నిటికీ ఐదేసి ఐచ్ఛికాలు.

విని రాసే ప్రశ్నల వేళ పిల్లల చెవిన మోత పడకూడదని దేశమంతటా 35 నిమిషాల పాటు విమానాలు లేవనివ్వరు, దిగనివ్వరు. ఈ పరీక్ష గురించి రాసే ప్రతివాళ్లూ ఈ సంగతి చెబుతారు కనక నేనూ చెప్పాను. నాకు ఆసక్తి ఉన్నది ఆ తర్వాత పిల్లల ముందు మిగిలే 28 ప్రశ్నల మీద. వినికిడికి పాతిక నిమిషాలు పోతే చేతిలో ఉండేది 45 నిమిషాలు. ప్రశ్నకి నిమిషంన్నర, ఆపైన కొన్ని సెకన్లు. ఒక్కో పేరా దాదాపు నూటయాభై మాటలు. ఇన్నేళ్లు ఇంగ్లీషు చెప్పి బతికినవాణ్ణి, గడియారం ఎదురుగా పెట్టుకుని రాస్తే 37వ ప్రశ్న దగ్గరే టైము అయిపోయింది.

ఓడిపోయానన్న ఉక్రోషం చల్లారాక రెండోసారి చదివాను, ఈసారి పరీక్ష రాసేవాడిలా కాకుండా పత్రం తయారుచేసేవాడిలా. అప్పుడు తెలిసింది అది ఎంత పనితనమో.

ఈ పత్రాన్ని తయారుచేయించేది ప్రభుత్వ నిధులతో నడిచే కొరియా పాఠ్యప్రణాళిక మూల్యాంకన సంస్థ. యూనివర్సిటీ ప్రొఫెసర్లనీ హైస్కూలు టీచర్లనీ పిలిచి, ఎక్కడుందో బయటికి చెప్పని ఒక చోట నెలకి పైగా ఉంచేస్తారు. ఫోన్లు ఉండవు. పరీక్ష చివరి గంట మోగేదాకా ఇంటి ముఖం చూడరు. కొందరు ప్రశ్నలు తయారుచేస్తే ఇంకొందరు వాటిని రాసి చూసి తప్పులు పడతారు. పేరాలు వాళ్లు సొంతంగా రాయరు. మనస్తత్వశాస్త్రం, ఆర్థికశాస్త్రం, పర్యావరణం, తత్వం వంటి విషయాల మీద ఇంగ్లీషులో వచ్చిన పుస్తకాల నుంచి ఒక ముక్క తీసుకుని, కత్తిరించి, కష్టమైన మాటలు కొన్ని మార్చి, నూటయాభై మాటల్లోకి కుదిస్తారు. ఇల్లు కట్టినవాడు ఒకడు, దాని గోడ కోసి కిటికీ పెట్టేవాడు ఇంకొకడు. మన పరిచయం రెండోవాడితో.

అతని పనికి ఒకటే షరతు. జవాబుకి కావలసిన సాక్ష్యమంతా పేరాలోనే ఉండాలి. బయటి జ్ఞానం అవసరం పడకూడదు, సాయపడనూ కూడదు. వినడానికి ఇది మామూలు మాట. చేసి చూస్తే ప్రాణం తోడేస్తుంది. పేరాలో ఉన్నమాట ఉన్నట్టే జవాబుగా పెడితే మా క్లాసు అమ్మాయి వేలితో వెతికి పట్టేస్తుంది. లేనిది పెడితే అన్యాయమవుతుంది. ఉండాలి, కానీ ఒక మాటలో ఉండకూడదు. రెండు వాక్యాల మధ్య ఉండాలి.

36, 37 ప్రశ్నలు చూడండి. మొదట రెండు మూడు వాక్యాల ఎత్తుగడ ఇస్తారు. కింద ఏ, బీ, సీ అని మూడు ముక్కలు. వాటిని వరుసలో పెట్టాలి. మూడు ముక్కల్ని ఆరు రకాలుగా పేర్చవచ్చు, కానీ ఇచ్చే ఐచ్ఛికాలు ఐదే. మరి ఆరోది ఏమైంది? ఏ-బీ-సీ అనే వరుస ఎప్పుడూ ఉండదు. ఉన్న వరుసలోనే చదువుకుంటూ పోతే ఫరవాలేదులే అనుకునే బద్ధకానికి వాళ్లు ముందే తలుపు మూసేశారు. ఐదు గడులకి ఐదు వరుసలు సరిగ్గా సరిపోవడం కాకతాళీయమే అయినా, తీసేయడానికి ఆ ఒక్కదాన్నే ఎంచుకోవడంలో ఉంది తెలివి.

ఆ ముక్కలు ఎక్కడ తెగాలన్నదే అసలు పని. ‘ఈ ఇబ్బంది’ అని మొదలయ్యే ముక్క ఉందంటే దానికి ముందు వచ్చే ముక్క ఏదో ఒక ఇబ్బందితో ముగియాలి. చేయి తిరగనివాడైతే ఒకే ముక్కలో ఇబ్బంది పెట్టి వదిలేస్తాడు, పిల్లలు మొదటి మాటలు చూసి అతికించేస్తారు. ఇక్కడివాళ్లు రెండు ముక్కల చివరా ఇబ్బంది అనదగ్గది పెడతారు. ఒకటి మనుషులది, రెండోది పద్ధతిది. ‘ఈ’ అన్న ఒక్క అక్షరం దేన్ని చూపుతోందో తెలియాలంటే ముక్క మొత్తం చదవక తప్పదు.

ఇంతకంటే నాకు ఎక్కువ నచ్చినవి 38, 39. పేరాలోంచి ఒక వాక్యాన్ని పీకి పైన గడిలో పెడతారు. కింద పేరాలో ఐదు చోట్ల అంకెలు. ఆ వాక్యం ఏ అంకె దగ్గరిదో చెప్పాలి. వాళ్ల పేరాని ఇక్కడ ఎత్తి చూపించలేను కనక, పనితనం ఎక్కడుందో తెలియడానికి తెలుగులో నేనే ఒకటి అల్లి చూశాను. గడిలో వాక్యం ఇది: ‘ఆ పటాన్ని డబ్బిచ్చి కొనేది నావికుడు.’ పేరా ఇది:

‘పాతకాలపు సముద్ర పటాల్లో తీరరేఖ మహా వివరంగా ఉండేది. (1) ప్రతి మలుపూ ప్రతి రేవూ పేరుతో సహా గీసేవారు. (2) తీరం దాటి లోపలికి పోతే మాత్రం పటం దాదాపు ఖాళీ. (3) అది చూసి, గీసినవాడికి దేశం తెలియదనుకోవడం పొరపాటు. (4) అతనికి కొండలతో పనిలేదు, ఓడ ఎక్కడ ఆగుతుందో తెలిస్తే చాలు. (5)’

గడిలోది పక్కనపెట్టి పేరాని ఒకసారి చదవండి. ఎక్కడా గతుకు తగలదు. గీసినవాడు అన్నాం, తర్వాత అతనికి అన్నాం, వ్యాకరణం చక్కగా కుదిరింది. అర్థం మాత్రం చెడింది. గదిలో కూర్చుని పటం గీసేవాడికి ఓడ ఎక్కడ ఆగితే ఏం? ఆ మాట నావికుడి గురించి. కాబట్టి వాక్యం (4) దగ్గరిది. పీకిన చోట మచ్చ ఉంది, కానీ చర్మం పైన లేదు, లోపల ఉంది. పైపైన చూపు జారించేవాడికి అది తగలదు, ‘ఎవరికి?’ అని అడుగుతూ చదివేవాడికే తగులుతుంది.

సంబరపడి ఈ పేరాని ఒక పాత సహోద్యోగికి పంపాను. ‘(5) దగ్గర పెడితే ఏం?’ అని జవాబు వచ్చింది. నిజమే. చివర పెట్టినా అదో వివరణలా అతుక్కుపోతోంది. రెండు జవాబులున్న ప్రశ్న చచ్చిన ప్రశ్న. ఒక పూటంతా కూర్చుంటే మార్గం దొరికింది. (5) తర్వాత ఇంకో వాక్యం చేర్చాను: ‘గీసినవాడు ఆ అవసరానికి తగ్గట్టే గీశాడు.’ ఇప్పుడు ‘ఆ అవసరం’ అన్నది ముందున్న వాక్యాన్ని గట్టిగా పట్టుకుంది, ఆ రెంటి మధ్య నావికుణ్ణి దూర్చడం కుదరదు. పైగా గీసినవాణ్ణి మళ్లీ పేరుపెట్టి పిలవడంతో ఆ ‘అతను’ ఇతను కాడని ఇంకో సాక్ష్యం దొరికింది. ఒక్క వాక్యంతో తప్పుదారి మూసుకుపోయింది, సరైన దారికి దీపం పెట్టినట్టూ అయింది. నాకు పూట పట్టిన ఈ పనిని వాళ్లు ఐదు అంకెలకీ చేయాలి, అదీ పరాయి రచయిత వాక్యాలతో, పరాయి భాషలో.

ఇందులో ఇంకో సొగసుంది. ప్రశ్న ఎంత కఠినంగా ఉండాలో ఒక్క మాటతో తిప్పుకోవచ్చు, హార్మోనియం మెట్టులాగా. ‘అతనికి’ బదులు ‘ఓడమీద పోయేవాడికి’ అంటే క్లాసులో అందరూ రాసేస్తారు. ‘అతనికి’ అని ఉంచితే సగంమంది ఆగుతారు. తెలుగులో వీలుంది కదా అని అదీ తీసేసి ‘కొండలతో పనిలేదు’ అని వదిలేస్తే ఎవరికీ ఆధారం మిగలదు, అప్పుడది పరీక్ష కాదు, పొడుపుకథ. మంచి పనివాడు ఎప్పుడూ నడిమి మెట్టు మీద చేయి పెడతాడు.

35వ ప్రశ్న దీనికి తిరగేసిన పని. ఇక్కడ పీకరు, దూరుస్తారు. పేరాలో ఐదు వాక్యాలకి అంకెలు వేసి, వాటిలో ఇమడని దొంగ వాక్యాన్ని పట్టుకోమంటారు. దొంగ వాక్యాన్ని ప్రశ్న తయారుచేసేవాడే కల్పించాలి, అసలు రచయిత గొంతుతోనే పలికించాలి. నా పేరాలో అయితే ఇలా: ‘ఈ పటాలను కాగితం మీద కన్నా తోలు మీదే ఎక్కువగా గీసేవారు.’ పటం ఉంది, గీయడం ఉంది, చెప్పినది నిజం కూడా. వాదానికి మాత్రం దానితో సంబంధం లేదు. ఏది గీశారు, ఎందుకు గీశారు అన్నది పేరా నడక, దేనిమీద గీశారన్నది కాదు. మాటల్ని లెక్కపెట్టేవాడు దీన్ని సాదరంగా లోపలికి రానిస్తాడు. వాదం పట్టుకున్నవాడు గుమ్మంలోనే ఆపుతాడు. నా పాత విద్యార్థిని వేలు ఈ ప్రశ్న దగ్గర పనిచేయదు. ఆమె ఇలాంటిది ఎదుర్కొని ఉంటే నిజంగా చదివేదేమో.

పేరుమోసినవి 31 నుంచి 34 దాకా వచ్చే ఖాళీల ప్రశ్నలు. పేరాకి ప్రాణమైన మాటని చెరిపేసి అక్కడ ఏముండాలో చెప్పమంటారు. పిల్లలు భయపడేదీ, పత్రికలు రాసేదీ, కోచింగు సెంటర్లు డబ్బు చేసుకునేదీ వీటితోనే. వీటిలో గొప్ప పని ఖాళీలో లేదు, తప్పు ఐచ్ఛికాల్లో ఉంది. మళ్లీ నా పటమే తీసుకుందాం. ‘పటంలోని ఖాళీ చెప్పేది ______’ అని ముగించి ఐదు జవాబులు ఇద్దాం: గీసినవాడి అజ్ఞానం, వాడుకునేవాడి చూపు, ఆ కాలపు పరికరాల లోపం, తెలియని దేశమంటే భయం, రేవుల గొప్పతనం.

సరైనది రెండోది. ‘వాడుకునేవాడు’ గానీ ‘చూపు’ గానీ పేరాలో లేవు, గమనించండి. నావికుడు, అవసరం అన్నవాటిని మనసులో తిరగరాసుకున్నవాడికే అది అందుతుంది. తక్కిన నాలుగూ నాలుగు రకాల చదువరులకి వేసిన ఉచ్చులు. మొదటిది పేరాలో ఉన్న మాటే, కాకపోతే రచయిత పొరపాటని కొట్టేసినది. సగం చదివి ఆగినవాడు అందులో పడతాడు. మూడోది లోకంలో నిజం కావచ్చు, పేరాలో లేదు. తన జనరల్ నాలెడ్జిని పేరా కంటే ఎక్కువ నమ్మేవాడు దాన్ని పట్టుకుంటాడు. నాలుగోది వినసొంపైనది, గంభీరంగా ధ్వనించే దేనికైనా టిక్కు పెట్టేవాళ్ల కోసం. ఐదోది మొదటి రెండు వాక్యాల తర్వాత ఓపిక పోయినవాడికి. తప్పు జవాబు రాసిన పిల్లవాడు ఎక్కడ తప్పిపోయాడో ఆ జవాబే చెబుతుంది. పిచ్చి జవాబు పెట్టి ఐదు లెక్క నింపడం సులువు. మన గైడ్లలో ఐచ్ఛికాలు అలాగే ఉంటాయి, మూడు చూడగానే కొట్టేయవచ్చు, మిగిలిన రెంటికీ బొమ్మా బొరుసూ.

అయినా నన్నడిగితే ఖాళీలకి రెండో బహుమతే. పేరా కఠినంగా ఉంటే ఖాళీ కూడా కఠినమైపోతుంది, పనివాడి చేయి పెద్దగా పడకుండానే. తత్వవేత్త కాంట్ గురించో కాలం స్వభావం గురించో ఒక చిక్కని ముక్క తెచ్చి గుండెకాయ లాంటి మాట చెరిపేస్తే ఎవరైనా తడబడతారు. అది అరువు కష్టం. మచ్చ దాచడం మాత్రం సొంత పని.

ఇక 44వ ప్రశ్న. ఇది చిన్నదే, చిరునవ్వు తెప్పిస్తుంది. చివర్లో నాలుగు భాగాల కథ ఒకటి ఇస్తారు. 43లో భాగాలని వరుసలో పెట్టాలి. 44లో ఐదు చోట్ల సర్వనామాల కింద గీతలుంటాయి. నాలుగు ఒకరిని చూపుతాయి, ఒకటి వేరొకరిని. ఇద్దరూ మగవాళ్లో ఇద్దరూ ఆడవాళ్లో అయితేనే ఆట నడుస్తుంది కనక కథలన్నీ అన్నదమ్ములవీ, తల్లీకూతుళ్లవీ, ఇద్దరు స్నేహితులవీ అయి ఉంటాయి. దీన్ని తెలుగులో తయారుచేయబోయి చేతులెత్తేశాను. తండ్రీకొడుకుల కథ రాస్తే మనకి తండ్రి ‘ఆయన’, కొడుకు ‘వాడు’. గీత గీయకముందే గుట్టు రట్టు. తల్లీకూతుళ్లయితే ‘ఆవిడ’, ‘అది’. మర్యాద మన్ననలున్న భాషలో ఈ ప్రశ్న పుట్టదు. కొరియా వాళ్లకీ మర్యాద పట్టింపు ఎక్కువే, వాక్యంలో కర్తని వదిలేసే అలవాటూ మనలాగే ఉంది. వాళ్ల భాషలో లేని ఇబ్బందిని ఇంగ్లీషులో వెతికి పట్టుకుని ప్రశ్న చేశారన్నమాట.

ఆ మాటకొస్తే వాళ్ల పిల్లల కష్టం మన పిల్లలకి తెలిసిన కష్టమే. మనం ‘నిన్న సంతలో కొన్న కోడి’ అంటాం, వాళ్లూ అదే వరుసలో అంటారు. విశేషణమంతా ముందు, నామవాచకం వెనక, క్రియ చిట్టచివర. ఇంగ్లీషు ముందు కోడిని చూపించి, ఆ తర్వాత ఎప్పుడు కొన్నారో ఎక్కడ కొన్నారో చెబుతుంది. అలాంటి వాక్యం మూడు వరుసలు సాగితే, చివరి నుంచి మొదటికి నడిచి తిరగేసుకుని అర్థం చేసుకోవడం మనకీ వాళ్లకీ అలవాటు. నిమిషంన్నరలో అది కుదరదు. అందుకే అక్కడి పిల్లలు పెన్సిలుతో వాక్యాన్ని ముక్కలుగా గీతలు పెట్టుకుని, ఎడమ నుంచి కుడికి, వచ్చిన ముక్కని వచ్చినట్టు అర్థం చేసుకోవడం సాధన చేస్తారు. పరభాషని దాని నడకలోనే చదవడం కదా ఇది. ఈ ఒక్క అలవాటునైనా మన ఇంటర్ క్లాసుల్లో చెప్పించాలని నా కోరిక.

ఇంత నేర్పరులు ఎక్కడా తప్పు చేయలేదా అంటే, చేశారు. ఎక్కడ చేశారో చూస్తే నవ్వూ జాలీ రెండూ కలుగుతాయి. 2014 నవంబరు పరీక్షలో 25వ ప్రశ్న. అది పత్రంలోకెల్లా తేలికైన వాటిలో ఒకటి, ఒక గ్రాఫు ఇచ్చి ఐదు వాక్యాల్లో దానికి సరిపడనిది చూపమనేది. సోషల్ మీడియాలో సెల్‌ఫోన్ నంబరు బయటపెట్టిన పిల్లలు ఒక ఏడాది 2 శాతం, ఇంకో ఏడాది 20 శాతం. దాన్ని 18 శాతం పెరుగుదల అని రాశారు. 2 నుంచి 20కి చేరడమంటే పెరిగింది 900 శాతం, 18 కాదు. 18 అన్నది శాతాల మధ్య తేడా. తప్పని వాళ్లు అనుకున్న వాక్యం ఒకటుండగా ఇదీ తప్పయింది. చివరికి రెండు జవాబులకీ మార్కులివ్వాల్సి వచ్చింది. అదే ఏడాది జీవశాస్త్రంలోనూ ఒక ప్రశ్న తప్పింది. సంస్థ అధిపతి రాజీనామా చేశారు. గోడ కోసి కిటికీ నిలబెట్టిన మేస్త్రి గుమ్మానికి మేకు కొట్టబోయి వేలు నలగ్గొట్టుకున్నాడు.

ఇది ఒక్కరోజు పొరపాటు. ఏళ్లుగా సాగుతున్న జబ్బు ఇంకోటుంది. 2011 విద్యాసంవత్సరపు పరీక్ష నుంచి ప్రభుత్వ విద్యా ఛానల్ ఈబీఎస్ పుస్తకాలకీ పత్రానికీ 70 శాతం ముడిపెట్టారు. పల్లెటూరి పిల్లవాడికి కూడా కోచింగు లేకుండా అందాలని. ఉద్దేశం మంచిదే. పిల్లలు ఏం చేశారు? ఆ పుస్తకాల్లోని ఇంగ్లీషు పేరాలకి కొరియా అనువాదాలని బట్టీపట్టారు. మొదటి వాక్యం చూడగానే తక్కినదంతా మాతృభాషలో గుర్తొస్తుంది, చదవనక్కర్లేదు. మా క్లాసు అమ్మాయి అక్కడా పుట్టింది! చివరికి 2022 విద్యాసంవత్సరపు పరీక్ష నుంచి ముడిని 50 శాతానికి తగ్గించి, ఇంగ్లీషులో పేరాలు అవే రాకుండా ఆ విషయాలకి దగ్గరివి మాత్రమే వచ్చేలా మార్చారు.

మార్కుల తూకం సంగతి అంతకన్నా విచిత్రం. ఒకప్పుడు మొదటి గ్రేడు పైనున్న 4 శాతానికే. ఆ పోటీ వేడి తగ్గించాలని 2018 విద్యాసంవత్సరపు పరీక్ష నుంచి ఇంగ్లీషులో ఎవరికి 90 వచ్చినా మొదటి గ్రేడు అన్నారు. 2021 విద్యాసంవత్సరపు పరీక్షలో 12.66 శాతం మందికి వచ్చింది. 2023 జూన్‌లో అప్పటి అధ్యక్షుడు యూన్ సక్ యోల్ మాటతో, బడిలో చెప్పని అతి కఠిన ప్రశ్నలు, అక్కడివాళ్లు ‘కిల్లర్’ అనేవి, ఉండకూడదని నిర్ణయించారు. ఆ నవంబరులో కిల్లర్లు లేవన్నారు, మొదటి గ్రేడు 4.71 శాతానికి పడింది. 2025 నవంబరులో 3.11 శాతం. అంటే సడలించిన పద్ధతి పాత 4 శాతం కంటే బిగిసిపోయింది. డిసెంబరులో సంస్థ అధిపతి పదవి వదిలారు.

ఇదెలా జరిగింది? నా అనుమానం ఒకటే. అరువు కష్టాన్ని తీసెయ్యమన్నారు, పనివాళ్లు సొంత కష్టానికి పదును పెట్టారు. దట్టమైన తత్వం తగ్గింది, మచ్చలు మరీ సన్నబడ్డాయి, ఉచ్చులు మరీ అందంగా అల్లారు. ఒక్కో ప్రశ్నని విడిగా చూస్తే తప్పు పట్టలేం. అలాంటివి 28 కలిపి 45 నిమిషాల పిల్లవాడి మీద పెట్టడం మాత్రం తప్పే. పత్తి గింజల్లా ఒక్కొక్కటీ తేలికే, మూటకట్టి నెత్తిన పెడితే మెడ విరుగుతుంది. ప్రశ్నలు ఇరవైకి తగ్గించి, ఉన్న టైమే ఉంచితే ఈ పత్రం మీద నాకు ఫిర్యాదే ఉండదు. వేగాన్ని కొలవాలంటే వేరే కొలత పెట్టుకోవచ్చు, అతుకు పట్టే చూపుని వేగంతో కలిపి కొలిస్తే రెండూ సరిగా తేలవు.

ఒక మాట వాళ్ల పక్షాన కూడా చెప్పాలి. పత్రంలో దయ లేకపోలేదు. 18వ ప్రశ్న ఒక ఉత్తరం, ఎందుకు రాశారో చెబితే చాలు. 19లో ఒక మనిషి మనసు మొదట ఎలా ఉంది, చివరికి ఎలా అయింది అన్నది. 26లో ఎవరిదో జీవితం, 27, 28ల్లో ఏ చిత్రలేఖన పోటీ ప్రకటనో. గుండె దడ తగ్గడానికి ముందు వరండా కట్టి, తర్వాతే లోపలి గదుల్లోకి రానిస్తారు. చిట్టచివర, అందరూ అలిసిపోయాక, ఆ నాలుగు భాగాల కథ ఉంటుంది, 43 నుంచి 45 దాకా. పత్రంలో మనుషులు మాట్లాడుకునేదీ ఒకరికొకరు సాయపడేదీ ఎక్కువగా అక్కడే. టైము చాలక చాలామంది అక్కడిదాకా రారు కాబట్టే అక్కడి టీచర్లు పిల్లలకి ముందు అవి రాసి వెనక్కి రమ్మని చెబుతారు.

ప్రశ్నపత్రాలని, జవాబులతో సహా, ఆ సంస్థే ఏటా అందరికీ అందుబాటులో ఉంచుతుంది. ఇంగ్లీషు చెప్పే మాస్టార్లు, ముఖ్యంగా యూనిట్ టెస్టులకి ప్రశ్నలు తయారుచేసేవాళ్లు, ఒకటి అచ్చు తీసుకోండి. సూచనలు కొరియా భాషలో ఉంటాయి, అవి తెలియకపోయినా ఇబ్బంది లేదు, ప్రశ్న ఆకారం చూస్తేనే ఏమడుగుతున్నారో తెలుస్తుంది. మొదటిసారి గడియారం పెట్టుకోకండి. 43తో మొదలుపెట్టి, ఆ తర్వాత 38కి రండి.